కరెంటు పెట్టే ముందు ఆమెను అడగండి

పోయిన నెల పాకాల పక్కన ఒక ఊర్లో కర్మక్రియలకు వెళ్లాం. పోయినాయన మాకు దూరపు బంధువు. రెండేళ్లు క్యాన్సర్‌తో బాధపడ్డాడు. భోజనాల దగ్గర కూర్చున్నవాళ్లంతా ఆయన కొడుకులను ఒకే మాటతో మెచ్చుకున్నారు. "చివరిదాకా ఆయనకు జబ్బు పేరు కూడా తెలియనీలేదు, ఎంత బాగా చూసుకున్నారో!" పెద్దవాళ్లు అవునవునని తలలూపారు. నాకు ఆ మాట విన్న తర్వాత ముద్ద దిగలేదు.

ఆ కొడుకుల ప్రేమను నేను శంకించడం లేదు. ఆస్తి అమ్మి మరీ వైద్యం చేయించారు. కానీ దాచడాన్ని ప్రేమకు గుర్తుగా లెక్కపెట్టే ఈ అలవాటు మనల్ని చెడ్డ నిర్ణయాల వైపు తోస్తోందని నా గట్టి నమ్మకం. అన్ని జబ్బుల గురించీ చెప్పేంత అనుభవం నాకు లేదు. దగ్గరుండి చూసింది ఒక్కటే, మెదడులో, వెన్నుపాములో వచ్చే లింఫోమా. తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్ అది. ఆ జబ్బులో తల మొత్తానికి రేడియేషన్ ఇవ్వాలా (మా వైపు కరెంటు పెట్టడం అంటారు) వద్దా అన్న మాట జబ్బు మనిషి నోటి నుంచే రావాలి. కొడుకూ డాక్టరూ వరండాలో నిలబడి తేల్చేయకూడదు. ఎందుకో చెప్పాలంటే ముందు మా అత్త సంగతి చెప్పాలి.

నోటి లెక్క

అత్త మా నాన్నకు అక్క. దామలచెరువు దగ్గర తోతాపురి తోట ఉంది. మామ పోయినప్పటి నుంచీ తోట పని అంతా ఆమే చూసుకుంది. కాయ ఎవరికి ఇచ్చింది, అడ్వాన్స్ ఎంత తీసుకుంది, ఏ మండీలో తూకం ఎట్లా వేస్తారు, ఏ చెట్టు ఏ ఏడు కాపు తప్పింది, అన్నీ నోటి లెక్కే. ఆమె కొడుకు, మా బావ, బెంగళూరులో ఉద్యోగం. నేను తిరుపతిలో ఉంటాను కాబట్టి ఆసుపత్రి పనులు నా మీద పడ్డాయి.

మొదట కూలోళ్లకు ఒకే వారం డబ్బు రెండుసార్లు ఇచ్చింది. వయసు అనుకున్నాం. తర్వాత ఎడమ కాలు ఈడ్చడం మొదలైంది. ఒకరోజు మా నాన్నను చూసి "ఎవరు నాయనా నువ్వు?" అంది. ఎమ్మారై తీయిస్తే మెదడు లోపల రెండు మూడు చోట్ల గడ్డలు. మన దగ్గర మెదడులో గడ్డ అనగానే మొదట వచ్చే అనుమానం టీబీ. ఆ మందులతో పాటు స్టీరాయిడ్ కూడా మొదలుపెట్టారు. వారం తిరక్కుండా అత్త లేచి కూర్చుంది, కాఫీ అడిగింది. ఇంట్లో అందరం దండం పెట్టుకున్నాం. కొన్ని వారాలకు మళ్లీ పడిపోయింది.

ఈ జబ్బులో స్టీరాయిడే లింఫోమా కణాలను చంపేస్తుంది. గడ్డ కొంతకాలం కరిగిపోతుంది. ఆ సమయంలో సూదితో ముక్క తీసినా అందులో ఏమీ దొరక్కపోవచ్చు. అందుకే లింఫోమా అనుమానం ఉంటే, ప్రాణం మీదికి వస్తే తప్ప, ముక్క తీసేదాకా స్టీరాయిడ్ జోలికి పోరు. మాకు ఆ సంగతి రెండో ఆసుపత్రిలో తెలిసింది. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అని వచ్చింది. మెదడులో పుట్టే లింఫోమాల్లో ఎక్కువ భాగం ఈ రకమే. గడ్డ కోసి తీసేసే పని ఇందులో మామూలుగా ఉండదు. చూపుకు అందే గడ్డలే కాకుండా మెదడంతా కణాలు పాకి ఉంటాయి.

ఆ రోజుల్లో అన్ని కాగితాల మీదా బావే సంతకం పెట్టాడు. అత్తకు తన పేరు కూడా తెలియని స్థితి. ఆ సంతకాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

తర్వాత మెథోట్రెక్సేట్ అనే కీమో మందు. రెండు వారాలకోసారి ఆసుపత్రిలో చేరాలి. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 3 గ్రాములకు పైగా మందు ఎక్కిస్తేనే మెదడులోకి సరిపడా వెళుతుంది. అంత మోతాదు మామూలుగా మనిషి తట్టుకోలేడు కాబట్టి, మందు ఎక్కిన మర్నాటి నుంచి దానికి విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇస్తారు. సెలైన్ ఆగకుండా పోతుంటుంది. మూత్రం కొలవాలి, దాని క్షార గుణం చూడాలి, రక్తంలో మందు ఎంత మిగిలిందో పరీక్ష చేయాలి. ఆ అంకె దిగేదాకా ఇంటికి పంపరు. పక్క మంచం దగ్గర ఉన్న శ్రీకాళహస్తి ఆమె, నేను, అంకె ఎంత వచ్చిందని ఒకరినొకరం పొద్దున్నే అడుక్కునేవాళ్లం.

మందు కొన్ని విడతలు పడ్డాక ఒక సాయంత్రం అత్త ఉన్నట్టుండి నావైపు తిరిగి, "అమ్మీ, ఆ మండీ ఆయన మిగతా డబ్బు ఇచ్చినాడా, మీ బావను ఏమార్చినాడా?" అంది. నేను బయటికెళ్లి ఏడ్చి వచ్చాను. ఆమె తిరిగి వచ్చింది.

తొందర లేని సమయం

నా వాదనంతా ఇక్కడి నుంచే. మళ్లీ ఎమ్మారై తీస్తే గడ్డలు కనపడలేదు. ఇక ఆ ఫలితాన్ని నిలబెట్టడానికి ఏం చేయాలన్నది ప్రశ్న. వయసు, ఒళ్లు సహకరించే వాళ్లకు థయోటెపా లాంటి మందులు పెద్ద మోతాదులో ఇచ్చి, ముందే తీసి పెట్టిన వాళ్ల మూలకణాలే తిరిగి ఎక్కిస్తారు. కొందరికి తల మొత్తానికి రేడియేషన్ ఇస్తారు. మరికొందరిని మాత్రల మీద ఉంచడమో, ఊరికే కనిపెట్టుకుని ఉండడమో చేస్తారు. అత్తకు అరవై ఆరు. మెథోట్రెక్సేట్‌తో క్రియాటినిన్ పెరగడం, అంటే కిడ్నీల మీద భారం పడడం మొదలైంది. మూలకణాల దారి ఆమెకు సరిపడదన్నారు. మిగిలింది కరెంటు పెట్టడమా, ఆగి చూడడమా అన్నదే.

డాక్టర్ బావను వరండాలోకి పిలిచారు. నేనూ వెళ్లాను. "రేడియేషన్ ఇస్తే తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. జ్ఞాపకశక్తి కొంచెం తగ్గొచ్చు. ఇక్కడ సంతకం పెట్టండి." అంతే మాట. బావ జేబులోంచి పెన్ను తీశాడు. పది అడుగుల దూరంలో, తలుపు తెరిచే ఉంది, అత్త మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. మండీ లెక్క అణా పైసలతో చెప్పగలిగిన మనిషి!

మొదట్లో తొందర ఉంది, ఆమెకు తెలివి లేదు. ఇప్పుడు ఆమెకు తెలివి ఉంది, తొందర లేదు. రేడియేషన్ నిర్ణయానికి కొన్ని రోజులు ఆగితే మునిగేదేమీ లేదు. ఈ జబ్బులో వైద్యం బాగా పనిచేసిన మనిషికి ఇలాంటి సమయం ఒకటి దొరుకుతుంది. జబ్బు పోయి, రేడియేషన్ ఇంకా మొదలుకాని కాలం అది. మెదడు మీద చేసే పని గురించి ఆ మెదడునే అడగడానికి అంతకంటే మంచి అదను రాదు. అలవాటు కొద్దీ దాన్ని దాటేస్తున్నాం. మొదటి రోజు సంతకం పెట్టినవాడే చివరిదాకా పెడుతున్నాడు.

చట్టం కూడా ఇదే అంటుంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, మేజరై తెలివితో నిర్ణయం తీసుకోగల రోగి బదులు ఇంట్లోవాళ్లు ఇచ్చే సమ్మతి చెల్లదని చెప్పింది. ఆ కేసులో సమ్మతి ఇచ్చింది కన్నతల్లి. మత్తులో ఉన్న కూతురు లేచేదాకా ఆగే వీలుంది కాబట్టి ఆగాల్సిందేనని కోర్టు అంది. మన వార్డుల్లో మాత్రం "అటెండర్ ఎవరు?" అనే అడుగుతారు.

"కొంచెం" అంటే ఎంత

ఆ "కొంచెం తగ్గొచ్చు" అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేను డాక్టర్ని కాను. అయినా చదివాను, అర్థం కానివి అడిగాను.

ఒకప్పుడు ఈ జబ్బుకు ఉన్నది రేడియేషనే. గడ్డలు చాలామందిలో చప్పున కరిగేవి, కొన్ని నెలలకు తిరిగి వచ్చేవి. అమెరికాలో ఆర్‌టీఓజీ అనే రేడియేషన్ పరిశోధకుల బృందం 41 మందికి తల మొత్తానికి 40 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క), గడ్డ ఉన్నచోట ఇంకో 20 గ్రే ఇచ్చి చూశారు. 1992లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం దాదాపు సగం మంది ఏడాది తిరిగేసరికి లేరు. తర్వాత మెథోట్రెక్సేట్ ముందు ఇచ్చి, దాని వెనక రేడియేషన్ ఇవ్వడం మొదలయ్యాక జనం ఏళ్ల తరబడి బతికారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. స్కాన్‌లో జబ్బు లేదు, కానీ మనిషి అడుగులు చిన్నవైపోయాయి, మూత్రం ఆగడం లేదు, పొద్దున మాట సాయంత్రానికి గుర్తులేదు. అరవై దాటినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. మెదడులోని తెల్ల పదార్థం, సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం దీనికి కారణం. మెథోట్రెక్సేట్, రేడియేషన్ రెండూ కలిస్తే ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది.

జర్మనీలో 2000 నుంచి 2009 వరకు 551 మందిని చేర్చుకుని, మెథోట్రెక్సేట్ తర్వాత రేడియేషన్ అవసరమా అని పరీక్షించారు. వైద్యం అనుకున్న ప్రకారం సాగిన 318 మందిలో, 45 గ్రే రేడియేషన్ తీసుకున్నవాళ్లకు జబ్బు మళ్లీ ముదరకుండా మధ్యస్థంగా 18.3 నెలలు గడిచాయి. తీసుకోనివాళ్లకు 11.9 నెలలు. కానీ మొత్తం బతికిన కాలం చూస్తే 32.4 నెలలు, 37.1 నెలలు. రేడియేషన్ తీసుకున్నవాళ్లది కొంచెం తక్కువే, కాకపోతే గణాంకాల లెక్కలో అది తేడా కిందికి రాదు. నరాల దెబ్బ కోసం పరీక్షించిన వాళ్లలో రేడియేషన్ తీసుకున్న వైపు 49 శాతం మందిలో, తీసుకోని వైపు 26 శాతం మందిలో ఆ లక్షణాలు కనిపించాయి.

ఈ పరిశోధన చూపించి "అయితే రేడియేషన్ వద్దే వద్దు" అనేవాళ్లున్నారు. అంత తేలిక కాదు. మధ్యలో చాలామంది తప్పుకున్నారు. రేడియేషన్ మానేసినా నష్టం లేదని గణాంకాలతో రుజువు చేయాలని మొదలుపెట్టి, ఆ రుజువు దగ్గరికి చేరలేకపోయారు. ఫ్రాన్స్‌లో అరవై లోపు వయసున్న 140 మందితో చేసిన ప్రెసిస్ పరిశోధన ఇంకొంచెం సూటిగా మాట్లాడుతుంది. 40 గ్రే రేడియేషన్ ఒకవైపు, మూలకణాల వైద్యం ఒకవైపు. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే బతికి ఉన్నవాళ్ల శాతంలో పెద్ద తేడా లేదు. ఆలోచనాశక్తి దిగజారడం రేడియేషన్ వైపు 64 శాతం, మరో వైపు 13 శాతం. ఇది కుర్రవాళ్లలో, నడివయసు వాళ్లలో. మా అత్తకు అరవై ఆరు.

వరండాలో చెప్పిన "కొంచెం" వెనక ఇంత ఉంది. అయితే మోతాదును బట్టి కథ మారుతుందని కూడా అప్పుడే తెలుసుకున్నాను. తల మొత్తానికి 23.4 గ్రే, అంటే రోజుకు 1.8 చొప్పున 13 సార్లు ఇచ్చే తక్కువ మోతాదు పద్ధతి ఉంది. మందులు మాత్రమే తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 54 శాతమైతే, ఈ తక్కువ రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్లలో 78 శాతమని ఆర్‌టీఓజీ 1114 పరీక్షలో తేలింది. అంతకుముందు 2013లో న్యూయార్క్ డాక్టర్లు ప్రచురించిన ఫలితాల్లో, ఈ మోతాదు తీసుకుని జబ్బు లేకుండా ఉన్నవాళ్ల జ్ఞాపకశక్తి పరీక్షలు పెద్దగా దిగజారలేదు. మాకు ఇచ్చిన కాగితంలో గ్రే అన్న మాటే లేదు. ఎన్ని సిట్టింగులో కూడా లేదు.

నాకు ఎదురైన ప్రశ్నలు

బావ నాతో గట్టిగానే వాదించాడు. "అమ్మకు చెప్తే భయంతోనే పోతుంది" అన్నాడు. ఈ భయం ఉత్తదేం కాదు. క్యాన్సర్ మాట వినగానే అన్నం మానేసినవాళ్లను నేనూ చూశాను. అయితే అత్తకు అప్పటికే తెలుసు. క్యాన్సర్ వార్డులో, గుండు తలల మధ్య అన్ని నెలలు పడుకున్న మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలిసీ తెలియనట్టు ఆమె మన కోసం నటిస్తోంది, ఆమెకు తెలియదన్నట్టు మనం నటిస్తున్నాం.

రెండో ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. "నాకేమీ చెప్పొద్దు, మీరే చూసుకోండి" అనే పెద్దవాళ్లున్నారు. అది వాళ్ల హక్కు. వాళ్లను కూర్చోబెట్టి శాతాలు చదివి వినిపించడం హింసే. కానీ ఆ మాట వాళ్లు అనాలి. వాళ్ల తరఫున మనం ఊహించుకోకూడదు. "అన్నీ వివరంగా చెప్పమంటావా, మమ్మల్నే చూసుకోమంటావా?" అని ఒక్కసారి అడగడానికి ఎంతసేపు పడుతుంది?

మూడోది, అడగడానికి వీలే లేని సందర్భాలు. వెన్నుపాము దగ్గర గడ్డ నొక్కి కాళ్లు పడిపోతున్న మనిషికి, చూపు పోతున్న మనిషికి రేడియేషన్ వెంటనే పెట్టాల్సి రావచ్చు. కిడ్నీలు పాడై మెథోట్రెక్సేట్ ఇవ్వలేని వాళ్లకు, మందులకు లొంగని గడ్డలకు అదే ఆధారం. తిరగబెట్టినప్పుడు కూడా, అప్పటిదాకా రేడియేషన్ తీసుకోని వాళ్లలో ముప్పావు వంతు మందికి అది పనిచేస్తుంది. రక్తంలో మెథోట్రెక్సేట్ స్థాయి కొలిచే వసతి లేని ఊర్లో, ఉన్న మిషన్‌తో ప్రాణం నిలబెట్టే డాక్టర్‌ను నేనెందుకు తప్పుపడతాను? మన చిత్తూరు వాళ్లకు పక్కనే రాయవేలూరు ఆసుపత్రి ఉంది, తిరుపతిలో స్విమ్స్ ఉంది, టాటా వాళ్ల ఆసుపత్రి వచ్చింది. అందరికీ ఆ అదృష్టం లేదు. నా గొడవ రేడియేషన్‌తో కాదు.

అత్త ఏం చెప్పింది

చివరికి బావ ఒప్పుకున్నాడు, మనస్ఫూర్తిగా కాదు. రేడియేషన్ విభాగంలో ఉన్న డాక్టరమ్మ అత్త పక్కన కూర్చుని మాట్లాడారు. చిత్తూరు యాసలోనే మాట్లాడారు, అది చాలా మేలు చేసింది. ముఖానికి వేడి చేసిన ప్లాస్టిక్ వలతో మాస్క్ తయారుచేస్తామని, ముక్కుపుడక తీయాలని, రోజూ మిషన్ కింద కొన్ని నిమిషాలేనని, నొప్పి ఉండదని చెప్పారు. కిరణాలు తలంతా, కళ్ల వెనక భాగం, మెడలో రెండో వెన్నుపూస దాకా పడతాయని, కింది వెన్నుకు అవసరం లేదని చెప్పారు. జుట్టు రాలుతుంది, నిద్ర ముంచుకొస్తుంది అన్నారు. ఏళ్లు గడిచాక మతిమరుపు, నడక మందగించడం రావచ్చన్నారు. పెట్టకపోతే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువన్నారు.

అత్త అడిగిన మొదటి ప్రశ్న: "తిరగబెడితే మళ్లీ నేను అట్లనే అయిపోతానా?"

అట్లనే అంటే, ఎవరినీ గుర్తుపట్టకుండా, పక్క తడుపుకుని, కోడల్ని బూతులు తిట్టి. ఆ రోజులు ఆమెకు గుర్తులేవు. ఎవరో చెప్పగా విన్నది. ఆ సంగతే ఆమెను లోపల తినేస్తోందని మాకెవరికీ తెలియదు.

కావచ్చు అన్నారు డాక్టరమ్మ.

"అయితే పెట్టేయండమ్మా. లెక్క మర్చిపోతే రాసుకుంటా. మనుషుల్ని మర్చిపోతే ఏం చేసేది?"

ఆమె వద్దంటుందని నేననుకున్నాను. వద్దనాలని కోరుకున్నాను కూడా. రేడియేషన్ మెదడును తీసుకుపోతుందన్న ఆలోచనలో పడి, జబ్బు కూడా మెదడునే తీసుకుపోతుందన్న సంగతిని నేను తక్కువగా తూచాను. ఆమె రెండింటినీ తన తక్కెడలో పెట్టుకుని చూసింది. తక్కువ మోతాదు గురించి అడిగితే డాక్టరమ్మ ఆలోచించి, స్కాన్‌లో జబ్బు పూర్తిగా పోయింది కాబట్టి 23.4 సరిపోతుందన్నారు. మొదలుపెట్టే ముందే జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి చేసి ఫైల్లో పెట్టారు. తర్వాత ఎంత తగ్గిందో తెలియాలంటే ముందు ఎంత ఉందో ఎక్కడో రాసి ఉండాలి కదా. అదీ మేం అడిగాకే జరిగింది.

అడిగినందువల్ల ఇంకో మేలు జరిగింది. నేను ఊహించనిది. రేడియేషన్ మొదలయ్యే లోపల అత్త ఒక లాంగ్ నోట్‌బుక్ తెప్పించుకుని నాతో రాయించింది. ఎవరు బాకీ, ఎవరికి బాకీ, బోరు వేసినప్పుడు పక్క రైతుతో నోటిమాటగా చేసుకున్న ఒప్పందం, గట్టు మీద ఉన్న ఏ చెట్లు మనవి, ఏవి కాదు. బ్యాంకు ఖాతాలో బావ పేరు చేర్పించింది. తోట పని చూడటానికి ఎవరిని పెట్టాలో, ఎవరిని పెట్టకూడదో కారణంతో సహా చెప్పింది. ఎటూ రాలిపోయే వెంట్రుకలే కదా అని, రక్తకణాలు కుదుటపడ్డాక డాక్టర్లను అడిగి కొండకు పోయి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చింది. జబ్బు పేరు దాచి ఉంటే ఈ పనుల్లో ఒక్కటీ జరిగేది కాదు. తోట మీద ఈపాటికి తగాదాలు నడుస్తుండేవి.

ఇప్పుడు అత్త బాగుంది, కొంత మారింది. పాత సంగతులు దిట్టంగా చెబుతుంది, నిన్నటివి తప్పుతాయి. మాట వెతుక్కుంటుంది. నడకలో తేడా లేదు. స్కాన్లు ఇప్పటికైతే శుభ్రంగా ఉన్నాయి. ఆగి చూసి ఉంటే ఈ మతిమరుపు వచ్చేదో కాదో, జబ్బు తిరగబెట్టేదో లేదో ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే ముందు డాక్టర్‌ను మోతాదు ఎన్ని గ్రేలో, ఎన్ని రోజులో అడగండి. తక్కువ మోతాదు కుదురుతుందా, ఇప్పుడు ఆపి తిరగబెడితే ఇద్దామా అని కూడా అడగండి. జ్ఞాపకశక్తి పరీక్ష ముందే చేయించండి. మాస్క్ చేసే రోజు రాకముందే డాక్టర్‌ను మంచం దగ్గరికి పిలవండి. వరండాలో మాట్లాడకండి.

మా బావకు నాకు మధ్య ఈ వాదన ఇంకా తెగలేదు. రేడియేషన్ సంగతి చెప్పడం మంచిదైందని ఒప్పుకుంటాడు. బయాప్సీ ఫలితం వచ్చాక, ఆమెకు కొంచెం తెలివి వచ్చిన మొదటి పూటే చెప్పి ఉండాల్సిందని నేనంటే మాత్రం ఒప్పుకోడు. "ఆ రోజు చెప్పి ఉంటే మందు ఎక్కించుకునేదే కాదు" అంటాడు. అత్తను అడిగితే, చెప్పినా ఎక్కించుకునేదాన్నే అంటుంది.